ఉత్తరపు వంతెన మూసిన రోజు

మార్చి 6

గాలి నైరుతి నుంచి, పలచగా. పీడనం నిలకడగా ఉంది. అలలు మోకాలెత్తు. దూరంగా లంగరేసిన బోయల్లో, అలల కొలతలు పంపే తేలుడు పరికరాల్లో, రెండు పలకడం లేదు. ఉప్పు పట్టి ఉంటుంది.

వాతావరణ కేంద్రం దినచర్యలో ఇంతకు మించి రాయకూడదని నియమం. చివర్న 'విశేషాలు' అని ఒక గడి ఉంటుంది. ఇన్నేళ్ళూ అందులో డాల్ఫిన్ల గుంపు వచ్చిందనో, బెలూను చిరిగిందనో రాస్తూ వచ్చాను. ఈసారి విశేషం ఆ గడిలో పట్టేది కాదు. అందుకే వెనక పేజీల్లోకి వచ్చాను.

నిన్న మా ఆయన దొరబాబు నెల మాసికం. మంచినీటి మిషన్ గదిలో కరెంటు కొట్టి పోయాడు. అలవాడలో చావు కొత్తేమీ కాదు. పాత తీరం మునిగిపోయాక, మా అమ్మానాన్నల తరం వాళ్ళు వంద తెప్పల్ని గొలుసులతో బిగించి, నడుమ తుప్పు పట్టిన సరుకుల ఓడ ఒకటి నిలబెట్టి కట్టుకున్న ఊరిది. సముద్రం ఎప్పుడు ఎవరిని అడుగుతుందో తెలియదు. కానీ దొరబాబుని తీసుకుపోయింది సముద్రం కాదు, ఒక తీగ.

పైడమ్మ పొద్దున్నే వచ్చింది. ఆయనకి ఇష్టమని చందువా చేప పులుసు, నాచు పచ్చడి వండి తెచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట ఉత్తరాదిన ఇలాంటిదే ఇంకో ఊరు తుపానుకి తెగిపోయి, మిగిలిన తెప్పలు మా వైపు కొట్టుకొచ్చినప్పుడు, వాటి మీద వచ్చిన మనిషి పైడమ్మ. వాళ్ళని మేం ఊరికి ఉత్తరం వైపు కట్టుకున్నాం. వాళ్ళకీ మాకూ మధ్య ఒక వంతెన. నేను కేంద్రంలో కూర్చుని బోయల మాటలు వింటుంటే, నా కూతురు కడలి ఆ వంతెన దాటి వెళ్ళి పైడమ్మ ఒళ్ళోనే పెరిగింది. అత్తా అనే పిలిచేది. పైడమ్మ కొడుకు అప్పన్న దానికి పడవ తోయడం నేర్పాడు.

ఆ అప్పన్నే దొరబాబుతో పాటు ఆరోజు మిషన్ గదిలో ఉన్నాడు. ఆయన్ని పట్టి లాగబోయి రెండు అరచేతులూ కాల్చుకున్నాడు.

నిన్న కడలి ఆ పులుసు ముట్టలేదు.

"ఏటే, రెండు మెతుకులైనా తినవా?" అంది పైడమ్మ.

"నాకొద్దు."

"మీ నాన్నకని వొండినానమ్మా."

"మా నాన్న ఉంటే తినేవాడు. ఆ రోజు స్విచ్చి ఎవరు ఆపలేదో మీ అబ్బాయిని అడుగు, తర్వాత వండు."

పైడమ్మ గిన్నె మీద మూత పెట్టి, కాసేపు నా పక్కన కూర్చుని వెళ్ళిపోయింది. దుఃఖంలో ఉన్న పిల్ల, ఏదో అంటుందిలే అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి తండ్రి పోతే ఆ మాత్రం కోపం రావడం సహజమే అనుకున్నాను.

ఏప్రిల్ 11

గాలి దక్షిణం నుంచి. ఎండ తీవ్రంగా ఉంది. సూర్యఫలకాల మీద ఉప్పు గీకేసరికి చేతులు మండిపోయాయి.

మంచినీళ్ళ డబ్బాలు పోతున్నాయని ఊళ్ళో గొడవ. ఎవరు తీస్తున్నారో తెలియదు. నిరంజన్ మాస్టారు కుర్రకారుని కూడగట్టి ఒక దళం పెట్టాడు. పేరు 'కాపలా'. ఈ ఊరి పిల్లలందరికీ ఈత నేర్పిన మనిషాయన. ఎప్పుడూ గొంతు పెంచడు. నీళ్ళలో మునుగుతున్న పిల్లవాడితో కూడా మెల్లిగానే మాట్లాడతాడు.

కాపలా వాళ్ళు బూడిద రంగు కండువాలు వేసుకుని ముసలివాళ్ళకి నీళ్ళ డబ్బాలు మోసిపెడుతున్నారు. మా పక్క తెప్పలో మంచాన పడ్డ ఆదెమ్మగారికి రెండు పూటలా నీళ్ళు అందుతున్నాయి. ఇది వరకు ఊరి సభలోని సభ్యులకి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా అందేవి కావు.

కడలి కాపలాలో చేరింది. తండ్రి పోయాక మొదటిసారి మొహంలో కాస్త కళ చూశాను. ఇంటికొచ్చి ఆకలేస్తోందంది. కండువా ఉతికి ఆరేసుకుంది. నాకు సంతోషమే కలిగింది. ఆ సంతోషాన్ని ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

మే 20

గాలి నిలిచిపోయింది. ఉక్క. పీడనం మెల్లిగా దిగుతోంది కానీ ఋతుపవనానికి ముందు మామూలే.

దొరబాబు చావు మీద విచారణ నివేదిక ఓడ పైతట్టు మీద సభలో చదివారు. తీగ మీది తొడుగుని ఉప్పు తినేసిందనీ, స్విచ్చి ఆపినా లోపల కరెంటు నిలిచి ఉందనీ, ఎవరి తప్పూ లేదనీ రాశారు. మిగతా గదుల్లోనూ తొడుగులు మార్చాలని సూచించారు.

కడలి లేచి నిలబడింది. "మా నాన్న పోయాడు. ఎవరి తప్పూ లేదంటే ఎలాగండీ?"

నివేదిక చదివినాయన కాగితాలు మడిచి పెట్టాడు.

నిరంజన్ మాస్టారు లేచాడు. "ఆ అమ్మాయి అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నివేదిక ఏం చెబుతోందన్నది పక్కన పెట్టండి. ఎవరు రాశారో చూడండి. విచారణ చేసిన ముగ్గురిలో ఒకాయన భార్య ఎవరు? ఉత్తరపు తెప్పల ఆవిడ. నేనెవర్నీ ఏమీ అనడం లేదు. ఆలోచించమంటున్నాను, అంతే."

చప్పట్లు మోగాయి. అప్పన్న సభలో వెనక వరసలో ఉన్నాడు. కట్టు విప్పిన అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చప్పట్లు ఆగేదాకా ఉండి లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కడలితో అన్నాను: "ఆ అబ్బాయి చేతులు చూశావా?"

"నటిస్తున్నాడు."

"కాలిన చేతులు ఎలా నటిస్తారే?"

"అమ్మా, నువ్వు బోయలు చెప్పింది రాసుకుంటావు. మనుషులు చెప్పింది కూడా అలాగే నమ్మేస్తావు. నీకర్థం కాదు." అని అటు తిరిగి పడుకుంది.

తీగల తొడుగులు మార్చాలన్న సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

జూన్ 17

ఋతుపవనం వచ్చింది. గాలి బలంగా, నైరుతి. వాన.

ఊరి మైకు ఇప్పుడు కడలి చేతిలో ఉంది. పొద్దునా సాయంత్రం ఊరి కబుర్లు, నీళ్ళ వేళలు, నా వాతావరణ సూచన అన్నీ అదే చదువుతుంది. గొంతు బావుంటుంది దానిది. దొరబాబు గొంతే. పని చేసుకుంటున్న ఆడవాళ్ళు చేతులు ఆపి వింటారు. మొదటి రోజు నేనూ చాటుగా కళ్ళు తుడుచుకున్నాను.

నేను రాసిచ్చే కాగితంలో ఒక మాట మారుస్తోంది. నేను 'అన్ని తెప్పల వాళ్ళూ' అని రాస్తాను. అది 'అలవాడ ప్రజలు' అని చదువుతుంది. మొదట్లో పట్టించుకోలేదు. మాటే కదా, ఏదైతేనేం అనుకున్నాను.

కిందటి వారం సభ ఒక తీర్మానం చేసింది. అలవాడ ప్రజలంటే ఊరిని కట్టినవాళ్ళూ వాళ్ళ సంతానమూ. ఉత్తరపు తెప్పల వాళ్ళు ఇక మీదట ఆశ్రితులు. ఆశ్రితులు వంతెన దాటాలంటే పగటిపూట, పని ఉంటేనే, పేరు చెప్పి దాటాలి. వంతెనకి మన వైపు ఇనుప తలుపు బిగించారు. తాళం కాపలా దగ్గర ఉంటుంది.

పైడమ్మ ఇవాళ ఆ తలుపు దగ్గర పేరు చెప్పి, నా దగ్గరికొచ్చి, కూర్చుని చాలాసేపు నవ్వింది.

"ఏటి వదినా, మీ పక్కింటి గుంటడు... నాను మంత్రసానితనం సేసి తీసిన గుంటడు... నీ పేరేటని అడిగినాడు నన్ను."

"వాడికి బుద్ధి లేదు."

"బుద్ధున్నాది. సిగ్గుపడినాడు పాపం. కిందకి సూసి రాసుకున్నాడు."

నవ్వు ఆపాక కళ్ళు ఒత్తుకుంది. నేను సభలో మాట్లాడతానన్నాను. వద్దంది. "కడలి అక్కడ మైకు ముంగట కూకుంటాది. నువ్వు ఎదర నిలబడితే దానికి తలవొంపులు. ఒగ్గేయ్. గాలి మారుద్ది."

సాయంత్రం సభకి వెళ్ళాను కానీ మాట్లాడలేదు.

సెప్టెంబరు 9

గాలి పడమర. వర్షం తగ్గింది. సముద్రం వేడిగా ఉంది. కిందటేటి కన్నా వేడి.

నిరంజన్ మాస్టారు ఊరి పెద్దగా ఎన్నికై నెల దాటింది. నిజం చెప్పాలి: నీళ్ళు వేళకి వస్తున్నాయి. డబ్బాలు పోవడం ఆగింది. తీసింది ఎవరో ఇంతవరకూ తేలలేదు, కానీ అందరికీ తెలుసన్నట్టే మాట్లాడుకుంటారు.

ఇవాళ పొద్దున కేంద్రం కిటికీలోంచి చూస్తే, ఉత్తరపు తెప్పల ముందున్న పీపాల కట్టని విప్పుతున్నారు. అలలు నేరుగా వచ్చి తాకకుండా గాలి నింపిన పీపాల్ని వరసగా కట్టిన అడ్డం అది. దాన్ని లాక్కొచ్చి ఊరి తూర్పు వైపు బిగిస్తున్నారు. మన కట్టలో కొన్ని పీపాలు కారిపోయాయట.

కడలి భోజనానికి వచ్చినప్పుడు అడిగాను.

"అది లేకపోతే పెద్ద అల వచ్చినప్పుడు ఆ తెప్పలు నిలుస్తాయా? నీకు లెక్క నేను నేర్పలేదా?"

"కొత్తవి చేసుకుంటారు వాళ్ళు."

"పీపాలెక్కడివే వాళ్ళకి?"

"అమ్మా, ఎన్నాళ్ళని మనం ఇస్తూ ఉంటాం? నాన్న ప్రాణం ఇచ్చాడు. ఇంకా పీపాలు కూడానా?"

అన్నం ముద్ద చేతిలోనే ఉంది దానికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే నన్ను ఆపేసింది. ఆ కన్నీళ్ళు నిజమైనవి. నిజమైన కన్నీళ్ళ మీద అబద్ధపు మాటలు ఎంత బలంగా నిలబడతాయో నాకిప్పుడు తెలుస్తోంది. ఇంకా వాదిస్తే తండ్రి మీద దానికున్న ప్రేమనే కాదన్నట్టవుతుందని నోరు మూసుకున్నాను. పళ్ళెం తీసుకుని లేచాను.

నవంబరు 14

గాలి ఈశాన్యం నుంచి, పెరుగుతోంది. పీడనం నిన్నటి నుంచి ఆగకుండా దిగుతోంది. వాయుగుండం తుపానుగా మారింది. దూరపు బోయ ఒకటి పెద్ద అలలు చెప్పి మూగబోయింది.

సూచన రాసిచ్చాను: "తొమ్మిదో నంబరు ప్రమాద హెచ్చరిక. తుపాను రేపు సాయంత్రం తాకవచ్చు. అన్ని తెప్పల వాళ్ళూ రేపు మధ్యాహ్నానికల్లా ఓడలోకి చేరాలి. ఉత్తరపు వంతెన తలుపు తీసి ఉంచాలి."

మైకులో కడలి గొంతు విన్నాను. "అలవాడ ప్రజలందరూ రేపు మధ్యాహ్నానికల్లా ఓడలోకి చేరాలి." వంతెన మాట లేదు.

మైకు గదికి పరిగెత్తాను. లోపల నిరంజన్ మాస్టారు కూడా ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు.

"వకుళగారూ, మీ లెక్కల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఓడలో చోటు ఎంతో మీకూ తెలుసు. ముందు మనవాళ్ళు సర్దుకోనివ్వండి. ఆ తర్వాత వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మాటిస్తున్నాను."

"చోటుందండీ. వెనకటి పెద్ద తుపానుకి అందరం పట్టాం."

"అప్పుడు మనం తక్కువమందిమి."

"కాదండీ. ఎక్కువమందిమే ఉన్నాం."

ఆయన మెల్లిగా నవ్వాడు. కడలి కాగితం కేసి చూస్తూ కూర్చుంది. దానికి తెలుసు నేను చెప్పింది నిజమని. ఆ తుపానులో చిన్నపిల్లగా అది పైడమ్మ ఒళ్ళో పడుకుని నిద్రపోయింది.

నవంబరు 16

ఓడలో కూర్చుని రాస్తున్నాను. కేంద్రం కప్పు లేచిపోయింది. కొలతలు లేవు.

నిన్న మధ్యాహ్నానికి ఊరంతా ఓడలోకి చేరింది. చోటు మిగిలింది. ఒక గది పూర్తిగా ఖాళీగా ఉంది. నిరంజన్ మాస్టారి కోసం చూస్తే, సామాన్లు ఎక్కించే పనిలో ఎక్కడో ఉన్నాడన్నారు. నేను ఉత్తరపు వంతెన దగ్గరికి వెళ్ళాను.

తలుపు అవతల జనం వంతెన నిండా నిలబడి ఉన్నారు. వంతెన ఊగుతోంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. ముందు వరసలో పైడమ్మ. ఇవతల కడలి, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు, మెడలో కండువాలు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. తాళంచెవి కడలి చేతిలో ఉంది. రెండో చేతిలో చిన్న రేడియో.

"తలుపు తియ్యి" అన్నాను.

"మాస్టారు మాట రావాలమ్మా."

"ఆయనెక్కడ?"

"పిలుస్తున్నాను. పలకడం లేదు."

"పీడనం ఎంతకు దిగిందో చెప్పనా? ఇంకో గంటలో అల వంతెన మీదికి వస్తుంది. నీకు తెలుసు కడలీ. నాతో పాటు నీకూ తెలుసు."

అది రేడియో మళ్ళీ నొక్కింది. "మాస్టారూ, ఉత్తరపు తలుపు దగ్గర నుంచి. ఏం చెయ్యమంటారు?" గరగర తప్ప జవాబు లేదు.

పైడమ్మ ఇనుప చువ్వలు పట్టుకుంది. బతిమాలలేదు. "కడలీ, ఇటు సూడు. నా మీద కోపం నా మీదే ఉంచుకో. నన్ను ఒగ్గేయ్. గుంటల్ని రానీ."

అప్పుడు తలుపు తెరుచుకుంది. మనిషి పట్టేంత మాత్రమే.

"పిల్లలే. పిల్లలొక్కళ్ళే" అంది కడలి. గొంతు మైకులో ఉన్నట్టు గట్టిగా, స్పష్టంగా ఉంది. "వాళ్ళని చూసుకోవడానికి అత్తొక్కతే రావచ్చు."

వెనక నుంచి అప్పన్న ఒక్కొక్క పిల్లనీ ఎత్తి ముందుకి అందించాడు. కడలి అందుకుని ఇవతల దింపింది. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పని చేయడం చూశాను. చిన్నప్పుడు పడవలోకి వలలు ఇలాగే అందించుకునేవాళ్ళు. "ఇంకొకర్తి ఉన్నాది, పట్టుకో" అన్నాడు అప్పన్న. కడలి పట్టుకుంది. ఆ తర్వాత తలుపు మూసింది.

"మిగిలినవాళ్ళు?" అని అరిచాను.

"మాస్టారు మాట వచ్చాక. వస్తుందమ్మా. నువ్వు పిల్లల్ని తీసుకెళ్ళు. ముందు పిల్లల్ని తీసుకెళ్ళు!"

తీసుకెళ్ళాను. పిల్లలు ఏడుస్తున్నారు, గాలి తోసేస్తోంది, పైడమ్మ చంకలో ఇద్దరు. ఓడలో వాళ్ళని దింపి నేను మళ్ళీ వెనక్కి బయల్దేరేసరికి ఉత్తరపు తెప్పల గొలుసు తెగిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకి ఓడంతా అదిరింది.

కాసేపటికి కడలి వచ్చింది. తడిసి, ఒంటరిగా. రేడియో ఇంకా చెవికి ఆనించుకునే ఉంది.

నిరంజన్ మాస్టారు అప్పటికి ఎంతోసేపటి నుంచి ఓడ కింది గదిలో ఉన్నాడని తర్వాత తెలిసింది. అక్కడ రేడియోలు అందవు.

నవంబరు 19

సముద్రం నూనె పోసినట్టు ఉంది. గాలి లేదు.

పడవలు వెతకడానికి వెళ్ళాయి. తెప్పల ముక్కలకి కరుచుకుని కొందరు దొరికారు. దొరకనివాళ్ళు ముప్పై మందికి పైనే. అప్పన్న దొరకలేదు.

పైడమ్మ ఓడలో ఆ ఖాళీ గదిలోనే పిల్లలతో ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. దొరబాబు మాసికం నాడు తను నా పక్కన కూర్చున్నంతసేపు కూర్చుందామనుకున్నాను. కానీ నాకు ఆ హక్కు లేదనిపించి ముందే లేచి వచ్చేశాను.

నవంబరు 28

గాలి ఉత్తరం, చల్లగా. కేంద్రం కప్పు వేశారు.

ఇవాళ సభలో కడలికి సన్మానం. ప్రాణాలకి తెగించి ఆశ్రితుల పిల్లల్ని కాపాడిన వీరవనిత అని ప్రకటించారు. కాపలా మీద నిందలు వేసేవాళ్ళకి ఇదే జవాబన్నాడు నిరంజన్ మాస్టారు. చనిపోయినవాళ్ళు హెచ్చరిక విని కూడా తమ తెప్పలు వదలడానికి ఇష్టపడలేదని, అది దురదృష్టమని మెల్లిగా, బాధగా చెప్పాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళంతా మంచివాళ్ళే. ఆదెమ్మగారి కొడుకు కూడా ఉన్నాడు వాళ్ళలో.

కూతురికి శాలువా కప్పమని నన్ను వేదిక మీదికి పిలిచారు.

శాలువా తీసుకున్నాను. కప్పలేదు. మైకు దగ్గరికి వెళ్ళాను.

"నేను ఆ తలుపు దగ్గర ఉన్నాను. వాళ్ళు రావడానికి ఇష్టపడకపోవడం కాదు. వంతెన నిండా నిలబడి ఉన్నారు. తలుపుకి తాళం ఉంది. పిల్లల్ని తీసుకుని మళ్ళీ తాళం వేశాం. వేసింది నా కూతురు. వెయ్యమన్నది..."

మైకు ఆగిపోయింది. నేను చెబుతూనే ఉన్నాను కానీ రెండో వరస దాటి వినబడలేదు.

"కన్నకూతురి మీద అంత కసేంటండీ ఈవిడకి?" అని ఎవరో అన్నారు.

"మొగుణ్ణి పోగొట్టుకుంది కదా, మతి చలించింది" అని ఇంకొకరు జాలిపడ్డారు.

"ఆ ఉత్తరపోళ్ళ కూడు తిన్న మనిషి. ఇంకెలా మాట్లాడుద్ది?"

కడలి కుర్చీలోంచి లేవలేదు. నన్ను ఆపలేదు, కాదనలేదు. తల వంచుకుని తన రెండు చేతులూ చూసుకుంటూ ఉండిపోయింది. శాలువా వేరెవరో కప్పారు.

ఆ తలుపు గురించి జూన్‌లోనే మాట్లాడి ఉంటే వినేవాళ్ళు ఎంతో కొంతమంది ఉండేవారు. మైకు కూడా పని చేసేది.

డిసెంబరు 10

గాలి ఈశాన్యం. ప్రయాణాలకి అనువుగా ఉంది.

ఉత్తరం వాళ్ళు వెళ్ళిపోతున్నారు. దక్షిణాన ఇంకో తేలే ఊరు రమ్మందట. పిల్లలు, మిగిలిన పెద్దలు, నాలుగు పడవలు. నేను రేవు దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో వాళ్ళు చాలామంది కిటికీల్లోంచి చూశారు. కిందకి దిగింది తక్కువమంది.

"నాతో ఉండిపో పైడమ్మా" అన్నాను, జవాబు తెలిసి కూడా.

"ఉంటే రోజూ ఆ తలుపు సూడాల గదా వదినా."

అప్పుడు కడలి వచ్చింది. మెడలో కండువా లేదు. సన్మానం జరిగిన రోజు నుంచే వేసుకోవడం లేదు. మైకు గదికీ వెళ్ళడం లేదు. వచ్చి పైడమ్మకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"అత్తా" అంది.

పైడమ్మ దాని మొహం వంక నిండుగా చూసింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు తెరిసినావు. తెరిసినందుకు ఈ గుంటలందరి తరఫునా నీకు దణ్ణం పెడతన్నాను." నిజంగానే చేతులు జోడించింది. "మూసినందుకు... నా కాడ మాట నేదమ్మా. ఎతికినాను. దొరకనేదు."

పడవ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. కడలి రేవు మీద అలాగే నిలబడి ఉంది. పడవలు చుక్కలయ్యాక నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురావలసి వచ్చింది.

డిసెంబరు 22

గాలి పలచగా. పీడనం నిలకడగా ఉంది. ఆకాశం నిర్మలం.

తుపాను తర్వాత పెట్టిన ఎన్నికలో నిరంజన్ మాస్టారు మళ్ళీ ఎన్నికయ్యాడు. ఈసారి పోటీ చేసినవాళ్ళే లేరు. మైకులో కొత్త అమ్మాయి చదువుతోంది. గొంతు కడలి గొంతు కన్నా బావుందని అందరూ అంటున్నారు. ఉత్తరం వాళ్ళు పోయారు కాబట్టి ఇక గొడవలుండవనుకున్నాను. నిన్న పడమటి తెప్పల వాళ్ళ గురించి ఏదో మొదలైంది. నీళ్ళు ఎక్కువ వాడుతున్నారట.

నన్ను కేంద్రం నుంచి తీసెయ్యలేదు. నా సూచనలు మాత్రం ముందు కాపలా చూసి పంపుతుంది.

కడలి ఇంట్లోనే ఉంటోంది. నాతో కేంద్రానికి వచ్చి బోయలు శుభ్రం చేస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. ఇవాళ మధ్యాహ్నం బెలూను సరిచేస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఆరోజు మాస్టారు రేడియోలో పలికి ఉంటే?"

"ఏమని?"

"అందర్నీ రానియ్యి అని ఉంటే మొత్తం తెరిచేదాన్ని. ఒట్టు. ఒక్క క్షణం ఆగేదాన్ని కాదు."

"తెలుసు."

"పిల్లల్ని కూడా వద్దని ఉంటే?"

బెలూను దారం దాని వేళ్ళకి చుట్టుకుపోయి ఉంది. విప్పుకోవడం లేదు.

"అది రోజూ ఆలోచిస్తున్నానమ్మా. పలకలేదు కాబట్టి పిల్లల్ని దాటించాను. పలికి, వద్దని ఉంటే... వాళ్ళని కూడా ఆపేసి ఉండేదాన్నా?"

లేదమ్మా, నువ్వలా చేసేదానివి కాదు అనాలని నోరు తెరిచాను. ఏ తల్లయినా అనే మాట అది. పుట్టినప్పటి నుంచి దాన్ని ఎరిగినదాన్ని. ఆ ఒక్క మాట చెబితే దానికి ఈ రాత్రి కాస్త నిద్ర పట్టేది.

చెప్పలేకపోయాను. ఆ తలుపు దగ్గర 'ఏం చెయ్యమంటారు?' అన్న దాని గొంతు నేను విన్నాను.

నా జవాబు కోసం కడలి చాలాసేపు ఎదురుచూసింది.